అవతలి గట్టు వాళ్ళ కోసం

అసిరమ్మ మూట దిగలేదు.

నిన్న మధ్యాహ్నం ఎక్కి కూర్చున్నది. పొద్దున్న స్నానానికి మాత్రం లేచి, తల తడి ఆరకుండానే మళ్ళీ వచ్చి అదే మూట మీద కూలబడింది. ఇంట్లో కుర్చీలు లేక కాదు. హాల్లో మూటలు పేరుకుంటూ పోతే కుర్చీలే పెరట్లోకి వెళ్ళిపోయాయి. ఆవిడ కింద ఉన్నది పాత చీరల మూట. పక్కన వంటగిన్నెల బస్తాలు. గోడ పొడవునా కొత్త బెల్లం దిమ్మలు. చోడవరం ఎండకి ఆ బెల్లం చెమట పట్టి, పట్టిన చోటల్లా చీమలకి దారి చూపిస్తోంది.

"అమ్మా, సీమలు టీవీలోకి కూడా దూరేయి. లే," అన్నాడు గోవిందరావు, హార్డ్‌వేర్ షాపుకి బయల్దేరబోతూ.

"దూరనీ."

"టీవీ పాడైపోతాది."

"పోనీ. రంగంలో బూకంపం దాన్లోనే గదా సూసేం. ఇంకేటి సూడాలి దాన్లో?"

బర్మాని ఈ వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ రంగం అనే అంటారు. అసిరమ్మకైతే అది పుట్టిన గడ్డ కూడా.

గోవిందరావు తల్లిని వదిలి భార్య మీద పడ్డాడు. "నువ్వైనా సెప్పవేటే? తెచ్చి పోసింది నువ్వు. ఇప్పుడు ఎల్లవని సెప్పిందీ నువ్వే."

రూపాదేవి చీమల బారు కేసి చూసింది. మాట్లాడడానికి ఏముంది? మైకు పట్టుకుని, "పెతీ మూటా సేరతాది, నాదీ పూచీ," అని ఊరి ఆడవాళ్ళ సంఘం మీటింగులో అన్నది తనే. చప్పట్లు కొట్టించుకున్నదీ తనే. నిన్న విశాఖపట్నం వెళ్ళి, ఓడ సరుకు పంపే ఏజెంటు చెప్పింది విని, తలొంచుకుని వచ్చిందీ తనే. వాడిన బట్టలు, తినే సరుకులు తీసుకోరట. ఒకవేళ తీసుకున్నా, రేవు దాటి బర్మాలో ఆ ఊరు చేరేసరికి బెల్లం పాకమైపోతుందని ఆయన నవ్వకుండానే చెప్పాడు. నవ్వినా బాగుండేది.

"అత్తా, ఇడ్లీ తిన్నావా?" అంది చివరికి.

అసిరమ్మ చెవి నలుపుకుంటూ గోడకేసి చూసింది. "తినేసేను."

వంటింట్లో ఇడ్లీ పళ్ళెం మూత తీయకుండా అలాగే ఉంది. నిన్న రాత్రి కంచమూ అంతే. రూపాదేవికి తెలుసు, తెలిసినట్టు అసిరమ్మకీ తెలుసు. అత్తాకోడళ్ళ మధ్య కొన్ని అబద్ధాలకి ఇంట్లో మనుషులంత చోటు ఉంటుంది.

అసలు ఇదంతా ఈ పక్క మర్యాదలోంచి వచ్చిన తంటా. తాటాకిళ్ళ రోజుల నుంచీ ఇక్కడో కట్టుబాటు. ఎవరి ఇల్లు కాలినా, సాయంత్రం దీపాలు పెట్టేలోగా ఇంటికో చీర, ఒక గిన్నె, ఒక బెల్లం దిమ్మ ఆ గుమ్మం ముందుకి చేరిపోవాలి. ఎవరూ పిలవరు, ఎవరూ అడగరు. బర్మాలో భూకంపం వచ్చిందని, అసిరమ్మ చెల్లెలు అచ్చియ్యమ్మ ఉండే ఊరు కూడా దెబ్బతిందని తెలిసిన రోజున సంఘం ఆడవాళ్ళు అదే పని చేశారు. ఇల్లు కాలినా కూలినా ఒకటే కదా అనుకున్నారు. దేవరాపల్లి నుంచి ఆటోలో దిమ్మలు వచ్చాయి, రోలుగుంట నుంచి గిన్నెలు వచ్చాయి. మధ్యలో సముద్రం ఉందన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. రూపాదేవికీ రాలేదు.

"అత్తా," అంటూ ఆవిడ పాదాల దగ్గర నేల మీద కూర్చుంది రూపాదేవి. "హుద్‌హుద్ తుపానప్పుడు మనకి లారీలో మూటలొచ్చేయి, గేపకం ఉందా?"

"ఉంది."

"మన మూటలో ఏటుంది?"

 అసిరమ్మ పెదవి చివర కొంచెం వంగింది. "కోటు. ఉన్ని కోటు."

"ఇంకా?"

"ఒక ఎత్తుమడమ జోడు. ఒకటే. రెండోది ఎవులకెల్లిందో."

గుమ్మంలో చెప్పులేసుకుంటున్న గోవిందరావు కూడా ఆగిపోయాడు. ఇంటి కప్పు రేకులు ఎగిరిపోయి, తాగడానికి నీళ్ళు లేక, ఆకాశం కింద కూర్చున్న పూట ఆ కోటు అతనే తొడుక్కుని చూపించాడు. ఆవేళ ముగ్గురూ పగలబడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే రూపాదేవి ఏడ్చేసింది.

"రేకులు తరవాత పొలాల్లో దొరికేయి," అన్నాడు గోవిందరావు, మెల్లగా. "బిగించడానికి మేకుల్లేవు. ఏ షాపులోనూ లేవు. ఒరిస్సా నుంచి ఎవులో కాలేజీ పిల్లలొచ్చేరు. ఏటీ తేలేదు. మీకేటి కావాలని అడిగేరు. మేకులన్నాను. మర్నాడు మేకులు తెచ్చేరు."

"ఆళ్ళ పేర్లు కూడా తెలీవు మనకి," అంది రూపాదేవి. "గాని ఆ మేకులు ఇప్పటికీ మన కప్పుకున్నాయి. అత్తా, మనం రంగంవోళ్ళని అడగలేదు. ఏటి కావాలో అడక్కండా మూటలు కట్టేసేం. ఆళ్ళకి మనం కోటు పంపుతన్నాం."

అసిరమ్మ ముఖం మళ్ళీ మూసుకుపోయింది. "నా సెల్లికి నాను కొన్న సీర కోటా?"

ఆ చీర సంగతి రూపాదేవి మరిచిపోలేదు. మూటల్లో కొత్తది అదొక్కటే. ఆకుపచ్చ నేత చీర. దాన్ని ఏ మూటలోనూ కట్టనివ్వకుండా అసిరమ్మ ఒళ్ళోనే పెట్టుకుని ఉంది.

"రంగం నుంచి మమ్మల్ని ఎల్లగొట్టినప్పుడు పసిగుడ్డు అది," అంది అసిరమ్మ. "ఒళ్ళు కాలిపోతంటే ఓడెక్కనివ్వలేదు. మాయమ్మ దాన్ని మా పిన్ని సేతిలో ఎట్టీసి, జొరం తగ్గినాక పంపమంది. మరి ఓడ రాలేదు. మాయమ్మ పోయేదాకా ఇసాపట్నం రేవు కేసే సూసింది. ఇన్నేళ్ళకి ఫోన్లో దాని మొకం సూసేను. నా సెయ్యి తగిలింది ఒక్కటైనా దానికి సేరకపోతే ఎలాగే, రూపా?"

 గోవిందరావు షాపుకి వెళ్ళడం మానేసి గుమ్మంలోనే కూర్చున్నాడు.

అప్పుడే సన్యాసమ్మ వచ్చింది.

సన్యాసమ్మ వచ్చిందంటే వీధి వీధంతా వచ్చినట్టే. చెరకు తోట ఉన్న మనిషి, సంఘంలో గట్టిగా మాట్లాడే మనిషి. అందరికన్నా పెద్ద దిమ్మలు ఇచ్చింది కూడా ఆవిడే. గుమ్మంలోకి అడుగు పెడుతూనే చీమల బారు చూసింది.

"ఏటక్కా ఇది? నా బెల్లం ఇంకా ఎల్లలేదేటి?"

రూపాదేవి లేచి నిలబడింది. "ఎల్లదు, సన్యాసమ్మా. బెల్లం గాని, బట్టలు గాని ఎల్లవు."

"ఎల్లవా?"

"తప్పు నాదే. ఎలా పంపాలో కనుక్కోకండా మాటిచ్చేసేను. బెల్లం ఇక్కడే అమ్మేసి డబ్బు పంపుదాం. రంగంలో ఏళ్ళబట్టీ పని సేస్తన్న సంస్థ ఒకటుంది. ఇసాపట్నంలో ఆళ్ళ ఆఫీసుకి ఎల్లి అన్నీ అడిగేను. సిన్నత్త కూతురు పైడితల్లి, ఆ ఊరి ఆడోళ్ళ సంఘం, ఆళ్ళతోనే కలిసి పని సేస్తన్నారు. ఏటి కావాలో అక్కడే కొనుక్కుంటారు. ఓడ ఖర్చు లేదు, పాడైపోడం లేదు."

"అమ్మేస్తావా?" సన్యాసమ్మ గొంతు వీధి చివరిదాకా వెళ్ళింది. "అమ్ముకోడానికేటి నాను తెచ్చేను? పాకం దగ్గిర నిలబడి, మంచి పాకం సూసి దిమ్మ పోయించేనక్కా. ఇంట్లో అరిసెలకి కూడా ఉంచుకోలేదు. అసిరమ్మ సెల్లి నోట్లో నా బెల్లం ముక్క పడాలనీసి తెచ్చేను. డబ్బుకి రుసి ఉంటాదేటి?"

"అలాగ సెప్పు," అంది అసిరమ్మ మూట మీద నుంచి.

రూపాదేవికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం వస్తే ఎదుర్కోవచ్చు. ప్రేమతో ఇచ్చిన మనిషికి, నీ ప్రేమ అక్కడ పనికిరాదని ఎలా చెప్పడం?

గోవిందరావే దారి చూపించాడు. "తగువెందుకు? అచ్చియ్యమ్మ పిన్నినే అడుగుదాం. ఎవులికోసం కట్టేమో ఆళ్ళనే అడక్కండా మనలో మనం కొట్టుకుంటన్నాం," అని ఫోను తీశాడు.

సిగ్నల్ తెగుతూ తెగుతూ కలిసింది. ముందు పైడితల్లి ముఖం కనిపించింది. తర్వాత ఫోను చేతులు మారి అచ్చియ్యమ్మ వచ్చింది. సన్నటి ముఖం, చెంపల మీద అక్కడి ఆడవాళ్ళు పూసుకునే చందనం లాంటి పూత. ఆవిడ వెనక సింహాచలం అప్పన్న పటం వేలాడుతోంది. ముఖం నిండా నీలం వెలుగు. గోడలకి నీలం సున్నం వేయించుకున్నారు కాబోలు అనుకుంది రూపాదేవి.

"అప్పా!" అంది అచ్చియ్యమ్మ. ఈ గడ్డ మీద అడుగైనా పెట్టని మనిషి నోట ఈ గడ్డ మాటే. "కూడు తిన్నావా?"

"నా సంగతికేటి? నువ్వెలాగున్నావే? ఇల్లెలాగుంది?"

"బాగుందప్పా. ఇల్లు బాగానే ఉంది," అంది అచ్చియ్యమ్మ, చెవి తమ్మె నలుపుకుంటూ. "గోడ కొంచం బీట తీసింది, అంతే. మాకేటీ లోటు లేదు."

అసిరమ్మ ఫోనుని ముఖానికి దగ్గరగా తీసుకుంది. 

రూపాదేవి పక్క నుంచి తొంగి చూసింది. "సిన్నత్తా, ఇక్కడ అందరూ మీకోసం బట్టలు, బెల్లం ఇచ్చేరు. మీకు నిజంగా ఏటి కావాలో సెప్పండి. మొగమాటం వొద్దు."

అవతల ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. జవాబు పైడితల్లి చెప్పింది.

"ఒదినా, తప్పుగా అనుకోకండి. బట్టలొద్దు. అన్ని దేశాల నుంచీ వచ్చి పడ్డాయి. బడి ముందు కొండలాగ ఉన్నాయి. వాన పడి కుళ్ళిపోతన్నాయి. ఆటి మీద మేకలు పడుకుంటన్నాయి. ఆటిని తియ్యడానికే మాకు మనుసులు సాలట్లేదు."

సన్యాసమ్మ తన దిమ్మల కేసి చూసుకుంది.

"మరేటి కావాలి?" అంది రూపాదేవి.

"వానాకాలం వచ్చేస్తంది. తలమీదికి టార్పాలిన్ బరకాలు కావాలి. తాళ్ళు, నీళ్ళు మంచిగా సేసే మందు. అన్నీ పక్క పట్నం బజార్లో దొరుకుతన్నాయి ఒదినా. కొనడానికే డబ్బుల్లేవు. ఇక్కడే కొంటే ఆ బజారోళ్ళు కూడా బతుకుతారు. ఆళ్ళ కొట్లూ కూలిపోయేయి గదా."

"నా బెల్లం?" అంది సన్యాసమ్మ, చిన్న గొంతుతో.

తెర మీదికి అచ్చియ్యమ్మ ముఖం మళ్ళీ వచ్చింది. "నువ్వెవులమ్మా?"

"సన్యాసమ్మనండి. అప్పగారి వీదే."

"నీ బెల్లం నాకు సేరిందమ్మా. నువ్వు అడిగేవు గదా, సేరిపోయింది." అని కాస్త ఆగింది. "అప్పా, ఇంకో మాట. ఇస్తే మాకొద్దు. మా పక్కకి లారీలొచ్చేయి, టీవీలోళ్ళొచ్చేరు. ఏరుకి అవతలి గట్టునున్నోళ్ళ కాడికి ఎవులూ ఎల్లలేదు. వంతెన కూలిపోయింది. ఆళ్ళు మనోళ్ళు కారు, మన బాస కాదు, మన దేవుడు కాదు. పిల్లల్ని ఎండలో పడుకోబెడతన్నారు. పైడితల్లోళ్ళు పడవ మీద ఎల్లి సూసొచ్చేరు. మీరు పంపింది ఆళ్ళకివ్వండి."

"పరాయోళ్ళకా?" అనేసింది సన్యాసమ్మ. అని, తనే నాలిక కరుచుకుంది.

 అసిరమ్మ చెల్లెలి ముఖాన్నే చూస్తోంది. ఎంతసేపు చూసిందంటే, ఫోను తెగిపోయిందేమోనని గోవిందరావు వంగి చూశాడు. తెగలేదు.

"నీకేటీ వొద్దా?" అంది అసిరమ్మ.

"ఒద్దప్పా."

"నిజంగా?"

"నిజంగా," అంది అచ్చియ్యమ్మ. ఆవిడ వేళ్ళు ఇంకా చెవి దగ్గరే ఉన్నాయి.

అసిరమ్మ ఫోను కొడుక్కిచ్చేసింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, మెల్లగా మూట మీద నుంచి లేచింది. పక్కకి వచ్చి నిలబడి, "ఇప్పండే మూట," అంది.

అంతే. నిన్నటి నుంచీ ఇల్లంతా బతిమాలినా కదలని మనిషి ఒక్క మాటకి లేచిపోయింది. రూపాదేవికి సంతోషం వేయాల్సింది, ఎందుకో గుండె బరువెక్కింది.

సన్యాసమ్మ తేరుకుని కొంగు బిగించింది. "బెల్లం నువ్వు అమ్మకక్కా. నీకు బేరం రాదు. సెమట పట్టిందనీసి సగానికి అడుగుతారు. నానే తీసుకెల్తాను అనకాపల్లి. బరకాలకి తగ్గ ధర రాకపోతే బండి ఎనక్కి తిప్పుకొచ్చీనా?" అంటూనే ఒక దిమ్మ ఎత్తి చీమలు దులిపింది. "ఇంకోటి. మిగతావోళ్ళకి కూడా సెప్పాల. అసిరమ్మ సెల్లి పేరు సెప్పి తెచ్చి అవతలోళ్ళకి ఇస్తన్నామని. దాచితే నాను ఊరుకోను. ఒద్దన్నోళ్ళకి ఆళ్ళది తిరిగిచ్చీదాం."

"రేపు మీటింగెట్టి సెప్తాను," అంది రూపాదేవి. "డబ్బు దేనికి కర్చయిందో కూడా పైడితల్లి పోటోలు పంపుతాది. వానాకాలం అయినాక ఇంకోసారి అడుగుదాం. టీవీలో సూపించడం మానేసినాకే అసలు కష్టం మొదలవుతాది. మనకి అలాగే అయింది గదా."

సాయంత్రానికి హాలు సగం ఖాళీ అయింది. మంచి చీరలు కొన్ని, ఇచ్చినవాళ్ళు సరేనన్నాక, మాడుగుల పక్క అనాథ పిల్లల ఆశ్రమం వాళ్ళు గౌన్లు కుట్టించడానికి పట్టుకెళ్ళారు. గిన్నెలు ఇచ్చినవాళ్ళే కొందరు వచ్చి, గోవిందరావు షాపులోనే అమ్మిపెట్టమన్నారు. కుర్చీలు పెరట్లోంచి మళ్ళీ లోపలికి వచ్చాయి. చీమలకి మాత్రం ఈ కబురు ఎవరూ చెప్పలేదు.

రూపాదేవి అరుగు మీద కూర్చుని పైడితల్లి పంపిన ఫోటో తెరిచింది. కింద సందేశం: 'ఒదినా, రేపు మీటింగులో చూపించడానికి. ఇలాంటి బరకాలే కొంటాం.'

నాలుగు వెదురు కర్రల మీద కట్టిన నీలం బరకం. లోపల ఒక మంచం, ఒక పొయ్యి. తాడుకి వేలాడుతూ సింహాచలం అప్పన్న పటం.

రూపాదేవి ఫోటోని వేళ్ళతో పెద్దది చేసింది. ఆ పటమే. పొద్దున్న అచ్చియ్యమ్మ వెనక వేలాడిన పటం. ముఖం నిండా పడిన ఆ నీలం వెలుగు.

సున్నం కాదు. గోడే లేదు.

ఎవరికి చూపించాలో తెలియక ఫోను ఒళ్ళో దాచుకుంది. లోపల నుంచి అసిరమ్మ ఆకుపచ్చ చీర పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"ఇది అమ్మొద్దు," అంది. "రేపు నాను కట్టుకుంటాను. కట్టుకుని దానికి ఫోన్ సేస్తాను. సూస్తాది గదా."

"అలాగే, అత్తా."

"ఏటి దాస్తన్నావు?"

"ఏటీ లేదు."

అసిరమ్మ నవ్వింది. "నువ్వూ అబద్దాలాడ్డం నేర్చుకోలేదే. దానికి ఇల్లు లేదు. నాకు తెలుసు."

రూపాదేవి ఒళ్ళోంచి ఫోను తీసి ఫోటో చూపించింది.

"మాయమ్మ," అంది అసిరమ్మ, వీధిలోకి చూస్తూ. "కుండలో కూడు మాకు సాలనప్పుడు, 'నాను ముందే తినేసేనే' అనేది. అన్నప్పుడల్లా సెవి నలుపుకునేది, ఇలాగ. సిన్నప్పుడు నమ్మీసేదాన్ని. పెద్దయినాక తెలిసింది." చీర మీద పాకుతున్న చీమని దులిపేసింది. "అచ్చియ్యమ్మ మాయమ్మని ఎరగదే. ఒడిలో పాలు తాగింది తప్ప, మొకం కూడా గేపకం ఉండదు. మరి ఆ సెవి నలపడం దానికి ఎవులు నేర్పేరు?"

"తెలిసీ ఎందుకు లేచేవు, అత్తా? అడగాల్సింది గదా. మన వాటా ముందు సిన్నత్తకే ఇమ్మని సెప్పాల్సింది గదా!"

"తెలిసినాక కూడా మాయమ్మ సేతి కూడు నాను తిన్నాను. తిననంటే ఆ రోజుకి ఆవిడికి ఇంకేటి మిగులుతాది?" అసిరమ్మ చీర మడత నిమిరింది. "అది ఇస్తానంది. ఇవ్వనీ. గాని ఆ బరకం వానకి ఆగుతాదో లేదో నువ్వు పైడితల్లిని అడుగు. అచ్చియ్యమ్మకి తెలీకండా అడుగు. రేపు మీటింగులో సెప్తావో, మానేస్తావో, నీ ఇష్టం."

రూపాదేవి టైపు చేసింది. 'పైడితల్లీ, ఆ ఫోటోలో ఉన్నది మీ ఇల్లేనా? నిజం చెప్పు.' పంపాక తెర కేసి చూస్తూ కూర్చుంది. అవతల ఏదో రాస్తున్నట్టు కనిపించింది, ఆగిపోయింది. మళ్ళీ రాస్తున్నట్టు కనిపించింది, మళ్ళీ ఆగిపోయింది.

రేపు అంతమంది ముందు నిలబడి ఏం చెప్పాలి? అక్క చెల్లెలికి పంపలేకపోయిందనా, చెల్లెలు పుచ్చుకోలేదనా? ఒక్క బరకం ఆ గుడిసెకి చేరాలంటే అచ్చియ్యమ్మ అబద్ధాన్ని ఊరందరి ముందూ బయటపెట్టాలి. చేరకపోతే, మొదటి వానకి ఆవిడ మంచం తడుస్తుంది.

పక్కకి తిరిగి చూసింది. అసిరమ్మ కళ్ళు లోపలికి పోయాయి. పెదవులు ఎండిపోయాయి.

"అత్తా, మద్యాన్నమైనా అన్నం తిన్నావా?"

"తినేసే..."

అసిరమ్మ చెయ్యి చెవి దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

ఆవిడ ఆ చేతిని కిందికి దించి, ఎవరిదో చూసినట్టు చూసుకుంది. కళ్ళు నిండిపోయాయి. రూపాదేవి ఆ చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుని, కాసేపు అలాగే పట్టుకుని, లేచి లోపలికి వెళ్ళింది.

అన్నం కలుపుతూ ఉండగా అరుగు మీద ఫోను మోగింది. పైడితల్లి జవాబు వచ్చినట్టుంది. అత్త ఆ ఫోను ముట్టుకోదని రూపాదేవికి తెలుసు. కంచంలో ఇంకొంచెం పప్పు వేసి, అత్త రెండు ముద్దలు తిన్నాకే దాన్ని తెరవాలనుకుని, బయటికి నడిచింది.